పనికిరాని శాంపిల్

"ఇది పనికిరాదండీ. వెనక్కి తీసుకెళ్లండి."

మానసిక వైద్య విభాగంలో కొత్తగా చేరిన కుర్ర డాక్టరు లిఫ్ట్ పనిచేయక నాలుగంతస్తులు మెట్లెక్కి ల్యాబుకు వచ్చాడు. చేతిలో ఐసు డబ్బా, అందులో వేలెడంత ట్యూబు. ల్యాబు అమ్మాయి ఆ ట్యూబును వెలుతురుకు పెట్టి చూసి, ఆయాసం తీర్చుకునే సమయమైనా ఇవ్వకుండా ఆ మాట అనేసింది.

"ఎందుకు పనికిరాదు? పేషెంటు వెన్నులోంచి ఇప్పుడే తీశాను."

"వెన్ను నీరు తేటగా ఉండాలి. ఇది గులాబి రంగులో ఉంది. సూది ఏదో రక్తనాళానికి తగిలింది. రక్తంలోని ప్రొటీన్లన్నీ ఇందులో కలిసిపోయాయి. ఇప్పుడు నేను దేన్ని కొలవాలి? పేషెంటు జబ్బునా, మీ హస్తవాసినా?"

అతనికి ఒళ్లు మండింది. కానీ ఆమె అన్నదీ నిజమే. మానసిక జబ్బులున్నవాళ్ల వెన్ను నీటిలో కొన్ని ప్రొటీన్లు హెచ్చుతగ్గులవుతాయా అని తేల్చడం ఆమె పని. రక్తం కలిస్తే ఆ లెక్కంతా తప్పుతుంది.

తర్వాతి మంగళవారం తేటనీరే తెచ్చాడు.

"పరవాలేదు, గులాబి డాక్టరుగారూ. చెయ్యి తిరిగింది," అందామె.

ఆ పేరు వార్డు దాకా పాకింది. అయినా అతనికి కోపం రాలేదు. మూడు నెలలపాటు ప్రతి మంగళవారం నర్సు చేతికి డబ్బా ఇవ్వకుండా తానే మెట్లెక్కాడు. శాంపిల్ ఇవ్వడానికి ఒక నిమిషం, దాని గురించి వాదించడానికి ఇరవై నిమిషాలు పట్టేది.

ఒకరోజు ఆమె అడిగింది. "పోల్చి చూడటానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్ల శాంపిళ్లు చాలడం లేదు. మీరివ్వచ్చు కదా?"

"నాకు కుదరదు."

"భయమా? అందరి వెన్నులోనూ సూది దించుతారు, మీ దాకా వచ్చేసరికి వణుకా?"

"అవును, భయమే," అని అతను గిరుక్కున తిరిగి వెళ్లిపోయాడు.

తర్వాత రెండు మంగళవారాలు డబ్బా నర్సు తెచ్చింది. మెట్ల మీద చప్పుడైనప్పుడల్లా ల్యాబు అమ్మాయి తలెత్తి చూసేది. మూడోవారం ఇక ఉండబట్టలేక తానే కిందికి దిగింది. బయట వాన దంచికొడుతోంది. అతను వరండాలో కిటికీ పక్కన కూర్చుని కేస్ షీటు రాస్తున్నాడు.

"నా మీద కోపమా?"

"మీ మీద కాదండీ." అతను పెన్నుకు మూత పెట్టాడు. "మా అక్కకి స్కిజోఫ్రీనియా. పదకొండేళ్లుగా మందులు వాడుతోంది. తోడబుట్టినవాళ్లకి జబ్బుంటే ఆరోగ్యవంతుల జాబితాలో చేర్చుకోరని మీ ఫారంలోనే ఉంది. అక్కడ నేను టిక్కు పెడితే మీరు చూస్తారు కదా."

"చూస్తే?"

"ఇప్పటికే రెండు సంబంధాలు ఆ సంగతి తెలిసి వెనక్కిపోయాయి."

ఆ మాటకు అర్థమేమిటో ఇద్దరికీ ఒకేసారి తట్టింది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"నేనలా ఎగతాళి చేయాల్సింది కాదు," అందామె. "మీ అక్కయ్యను చూడాలనుంది. రావచ్చా?"

ఆదివారం వెళ్లింది. అక్క ముందు గదిలో కుట్టుమిషను మీద ఎవరివో లంగాలు పొట్టి చేస్తోంది. మందుల వల్ల చేతులు కొద్దిగా వణుకుతున్నాయి. తమ్ముడు సూదిలో దారం ఎక్కించి ఇచ్చాడు.

"ప్రొటీన్లు కొలిచే అమ్మాయివి నువ్వేనా?" అంది అక్క. "అయితే చెప్పు. నా వెన్ను నీళ్లు చూసి నా జబ్బు కనిపెట్టేస్తావా?"

తమ్ముడు గతుక్కుమన్నాడు. ఆమె మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"లేదక్కా. చాలామందివి పక్కపక్కన పెట్టి చూస్తే కొంచెం తేడా తెలుస్తోంది. ఒక్కరిది చూసి చెప్పడం మాకింకా చేతకాదు."

"మరి ఇది వీడికీ వస్తుందా? రేపు వీడి పిల్లలకి?"

"మిగతావాళ్ల కంటే అవకాశం కాస్త ఎక్కువే. కానీ చాలామందికి రాదు."

అక్క బట్ట అంచు సరిచేసుకుంది.

"ఇంతకుముందు వచ్చినవాళ్లు నా ముందు నవ్వి, వీధి మలుపు తిరిగాక గుసగుసలాడుకున్నారు. నువ్వు మొహమ్మీదే చెప్పావు. నాకు నచ్చావు." తమ్ముడి వైపు తిరిగింది. "ఏరా, నాకు చెప్పిందంతా ఈ అమ్మాయికి చెప్పావా?"

"అక్కా, ఇప్పుడెందుకు..."

"చెప్పలేదన్నమాట. జబ్బు నాది, నోరు పడిపోయింది వీడిది."

ల్యాబు అమ్మాయి ఫక్కున నవ్వింది. అతను నేల చూశాడు, గోడ చూశాడు, చివరికి ఆమెను చూశాడు.

"మీకు అభ్యంతరం లేకపోతే... నన్ను పెళ్లి చేసుకుంటారా?"

ఆమె అతనికి జవాబివ్వలేదు. అక్క వైపు తిరిగి, "మీ తమ్ముడు అన్నిటికీ ఇంత ఆలస్యం చేస్తారా, వదినా?" అంది.

ఆ పిలుపు డాక్టరుగారి బుర్రకెక్కడానికి అర నిమిషం పట్టింది. ఈలోగా అక్క మిషను వదిలి లేచి, కాబోయే మరదలి చెయ్యి పట్టుకుని ఇల్లు చూపించడానికి లోపలికి తీసుకుపోయింది.