సుద్దగీత

తెల్లారీ తెల్లారకముందే, కాఫీ చుక్కైనా గొంతులో పడనివ్వకుండా తండ్రిని మంచం మీంచి లేపింది కూతురు. నడవాలో ఈ చివర ఒక సుద్దగీత, ఆ చివర ఇంకొకటి. మధ్యలో ఇరవై అడుగులు. ఆమె చేతిలో స్టాప్‌వాచీ.

అది ఆయనదే. ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా పిల్లల్ని హడలగొట్టిన మనిషి. అందరికంటే ఎక్కువ హడలింది సొంత కూతురే. ఆగితే మళ్ళీ మొదటి గీత నుంచి, అదీ ఆయన చట్టం. పదిహేడో ఏట మోకాలు పుటుక్కుమనేదాకా ఆమె పరుగెత్తింది. ఆ తర్వాత బస్సు కోసం కూడా పరుగెత్తలేదు. ఇప్పుడు టికెట్ల కౌంటరులో రోజంతా కుర్చీకి అతుక్కుపోతుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం.

మాస్టారికి పక్షవాతం వచ్చి మూడు నెలలు. ఆగుతూ, ఆగుతూ నడిపించమన్నాడు డాక్టరు. ఆ 'ఆగుతూ' అన్న మాట మాత్రం ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

"పన్నెండు... పదమూడు... ఏం నాన్నా, మాస్టారి కాళ్లు వణుకుతున్నాయే!"

"కాస్త ఆగనీయమ్మా."

"ఆగారుగా. మళ్ళీ మొదటి నుంచి."

వంటింట్లోంచి తల్లి పరుగున వచ్చింది. "ఒసేయ్, నువ్వసలు మనిషివేనా? చచ్చిపోతారే ఆయన!"

"నేను చచ్చానా? మోకాలు వాచి నేను ఏడుస్తుంటే నువ్వు ఇదే వంటింట్లో ఉన్నావు. అప్పుడు రాలేదేం?"

తల్లి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

ముసలాయన కుడికాలు ఈడ్చుకుంటూ వెనక్కి వెళ్లి మొదటి గీత మీద నిలబడ్డాడు. పైజామా తడిసింది. అయినా గడ్డం ఎత్తి, "రెడీ" అన్నాడు.

ఆమె స్టాప్‌వాచీ నొక్కబోయి ఆగింది. తొమ్మిదేళ్లప్పుడు, మైదానంలో అందరి ముందూ, తడిసిన గౌనుతో తనూ ఇలాగే నిలబడి ఆ మాటే అంది. చాలమ్మా అంటారేమోనని ఆయన మొహంలోకి ఎంత ఆశగా చూసిందో! ఇప్పుడు ఆయనా అలాగే చూస్తున్నాడు.

చాలు అనబోయి, నేలమీద చతికిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఆయనే గోడ పట్టుకుని, రెండుచోట్ల ఆగి, ఆమె దగ్గరికి వచ్చాడు.

"ఆ రోజు నీ గౌను చూశాను తల్లీ. చూసి కూడా విజిలేశాను."

ఆమె ఆ వణికే కాళ్లను కావిలించుకుంది.

"డాక్టరు ఆగుతూనే నడవమన్నాడు నాన్నా. నేనే చెప్పలేదు."