లెక్కలోకి వచ్చిన ఉల్లిపాయ

“అందరూ ఒకే గదిలోనా?” అని అమ్మ మళ్లీ అడిగింది.

పొద్దున్న టిఫిను దగ్గర కూడా ఇదే మాట. ఇప్పుడు విహారయాత్ర ఓడలో పిల్లల క్లబ్బు తలుపు దగ్గర నిలబడి అదే మాట. లోపల పాలబుగ్గల బుడతల దగ్గర్నుంచి మీసం రాబోతున్న కుర్రాళ్ల దాకా ఒకే తివాచీ మీద దొర్లుతున్నారు.

“మామూలుగా వయసును బట్టి వేరే వేరే గదులుంటాయమ్మా,” అంది కొమాంగ్. ఆమె ఓడలో పిల్లల్ని చూసుకునే బాలి అమ్మాయి. “ఈ వారం పిల్లలు తక్కువ. అందుకని అందర్నీ కలిపేశాం. నేనూ, నాతో పనిచేసే జోయెలూ ఇక్కడే ఉంటాం.”

“మావాడికి అయిదేళ్లు. పెద్దపిల్లలు తోస్తే? వీడికి బాత్రూమ్ అవసరమైతే ఎవరు తీసుకెళ్తారు? మీరు అటు తిరిగినప్పుడు డెక్ మీదికి పోతే?”

“చిన్నపిల్లల బ్యాండ్‌తో తలుపు తెరుచుకోదమ్మా.” కొమాంగ్ అమ్మ పక్కనున్న పిల్లాడి చేతికున్న పసుపు బ్యాండ్ చూపించింది. “మీరొచ్చి సంతకం పెడితేనే పంపిస్తాం.”

అమ్మ గుండ్రటి కిటికీలోంచి బయటికి చూసింది. ఎటు చూసినా నీళ్లే. ఆ నీళ్ల ముందు ఈ ప్లాస్టిక్ బ్యాండ్ ఏపాటిదని ఆమె అనుమానం.

“మన ఊరు సెమరాంగ్‌లో మన కొట్టు ముందు వీడు మోటారు సైకిళ్ల మధ్య ఆడుతుంటే లేని భయం ఇక్కడెందుకు?” అన్నాడు నాన్న. ఆయన చేతిలో అప్పటికే టేబుల్ టెన్నిస్ బ్యాట్ ఉంది.

“అక్కడ వీధి వీధంతా మనవాళ్లు. ఇక్కడ ఎవరు ఎవరో,” అంది అమ్మ.

పక్కనే నిలబడిన కూతురు లారస్, అమ్మ మొహం వంకే చూస్తోంది. ఆ పిల్లకు పదేళ్లు. నిన్న సాయంత్రమే ఈ క్లబ్బులో సురబాయ నుంచి వచ్చిన పంజి, అతని జట్టు దోస్తులయ్యారు. ఇవాళ రమ్మన్నారు. తమ్ముడు బన్యుని పంపనంటే అమ్మ తననూ పంపదు. ఈ నడిసముద్రంలో రోజంతా కేబిన్‌లో కూర్చుని బన్యుతో బొమ్మకార్లు తోయాల్సిందే.

“నేను చూసుకుంటానమ్మా. నా పక్కనే పెట్టుకుంటా.”

అమ్మ వాడి చేతి బ్యాండ్ ఒకసారి లాగి చూసింది.

“సరే. కానీ విను. వాడికేమన్నా అయిందంటే ఇక క్లబ్బూ లేదు, గిబ్బూ లేదు. ఓడ దిగేదాకా ఇద్దరూ నా కళ్లముందే కూర్చోవాలి.”

“అలాగేలేమ్మా.”

లోపల పంజి దాగుడుమూతలకు జట్టు కడుతున్నాడు. అతనికి పన్నెండేళ్లు. లారస్ వెనక నిలబడిన బన్యుని చూసి కనుబొమలు ఎగరేశాడు.

“ఈ పొట్టోణ్ణి ఏం చేద్దాం?”

“వాడు ఉల్లిపాయ,” అంది లారస్.

“అయితే సరే.”

మనం ఆటలో అరటిపండు అంటాం కదా, వాళ్ల దేశంలో ఉల్లిపాయ అంటారు. చిన్నవాడు ఏడవకుండా ఆటలోకి రానిస్తారు. పరిగెత్తనిస్తారు, దాక్కోనిస్తారు. కానీ వాడు లెక్కలోకి రాడు. వాణ్ణి ఎవరూ వెతకరు. కనపడినా పట్టుకోరు.

బన్యు పరుగెత్తి తెర వెనక దాక్కున్నాడు. కాళ్లు రెండూ బయటే ఉన్నాయి. వెతుకుతున్న పంజి అటుగా వచ్చి, “ఇక్కడెవరూ లేరే,” అంటూ దాటిపోయాడు. బన్యు తెర వెనక కిచకిచా నవ్వాడు.

రెండోసారి కూడా నవ్వాడు. ఆ తరవాత నవ్వలేదు.

“అక్కా, పంజి అన్న నన్ను చూశాడు. చూసి కూడా పట్టుకోలేదు.”

“నువ్వు ఉల్లిపాయవి కదరా. నిన్ను పట్టుకోరు.”

“మరి ఎప్పుడు పట్టుకుంటారు?”

“పెద్దయ్యాక. నడు, నడు, దాక్కో.”

ఇంకో చిక్కొచ్చింది. ఆటలో దొంగ గోడకు మొహం పెట్టుకుని “అయిందా?” అని అడుగుతాడు. ఎవరన్నా ఇంకా చోటు వెతుక్కుంటూ ఉంటే “కాలేదు” అనాలి. దాక్కున్నాక మాట్లాడకూడదు. బన్యు మాత్రం దాక్కున్నాక కూడా “అయింది, అయింది” అని గొంతెత్తి చెప్పేవాడు. వాడి పక్కన దాక్కున్నందుకు లారస్ రెండుసార్లు దొరికిపోయింది.

“ఈ ఉల్లిపాయ ఘాటుకు మనకు కళ్లమ్మట నీళ్లొచ్చేట్టున్నాయి,” అన్నాడు పంజి. అందరూ నవ్వారు.

లారస్‌కు తల కొట్టేసినట్లయింది. తమ్ముడి చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

“ఎవరు పిలిచినా పలక్కు. ఆట అయిపోయింది రమ్మంటే కూడా రాకు. అలా అబద్ధం చెప్పే పట్టుకుంటారు. పలికావంటే నిన్ను ఆటలోంచి తీసేస్తా. తెలిసిందా?”

బన్యు తల ఊపాడు.

ఆ తరవాతి ఆట సగంలో ఉండగా కొమాంగ్ చిన్న గంట వాయించింది. పక్క హాల్లో కొబ్బరి ఐస్‌క్రీమ్ పెడుతున్నారట. పెద్దపిల్లలు తనతో రావచ్చు, చిన్నవాళ్లకు జోయెల్ ఇక్కడికే తెస్తాడు. దాక్కున్నవాళ్లంతా దులుపుకుంటూ బయటికొచ్చారు. పంజి వేలితో లెక్కపెట్టాడు. లెక్కలో ఉన్నవాళ్లందరూ ఉన్నారు. ఆట ముగిసింది.

తలుపు దగ్గర కొమాంగ్ అడిగింది, “లారస్, మీ తమ్ముడేడీ?”

“జోయెల్ అన్న దగ్గరున్నాడు,” అంది లారస్. వెనక్కి తిరిగి చూడలేదు. పంజి ఏదో జోకు చెబుతున్నాడు, అది వినాలి.

జోయెల్ అప్పుడు ఇంకో పిల్లకు బూటు లేసు కడుతున్నాడు. ఆ పసుపు బ్యాండ్ పిల్లాడు అక్కతో వెళ్లాడని ఆయన అనుకున్నాడు.

ఐస్‌క్రీమ్ చాలా బాగుంది. లారస్ కప్పు అడుగున గీకుతూ ఉండగా అమ్మ వచ్చింది. ముందు లారస్ మొహం చూసింది, తరవాత ఆమె పక్కన చూసింది.

“బన్యు ఏడీ?”

“క్లబ్బులో.”

క్లబ్బులో లేడు. జోయెల్ చేతిలో కరిగిపోతున్న ఐస్‌క్రీమ్ కప్పు ఒకటి మిగిలిపోయింది. “వాడు మీతో రాలేదా?” అన్నాడు.

వెతకడం మొదలుపెట్టారు. రంగు బంతుల తొట్టి మొత్తం కెలికారు. బాత్రూమ్ చూశారు. బల్లల కింద వంగి చూశారు. బీరువా తలుపులన్నీ తీశారు. “బన్యూ, ఆట అయిపోయింది, రా నాన్నా,” అని కొమాంగ్ పిలిచింది. “ఐస్‌క్రీమ్ ఉందిరా,” అని జోయెల్ పిలిచాడు. జవాబు లేదు.

“పెద్దపిల్లలు బయటికి పోయేటప్పుడు తలుపు తెరిచే ఉండుంటుంది,” అంది అమ్మ మెల్లగా. “వాళ్ల వెనకాలే పోయుంటే?”

ఆ మాట ఎవరూ కాదనలేకపోయారు. కొమాంగ్ గోడకున్న ఫోన్ తీసింది. పిల్లాడు కనపడటం లేదని ఓడంతా చెప్పాలి. ఒక అంకె తప్పు నొక్కి, మళ్లీ నొక్కింది. నాన్న బ్యాట్ పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. అమ్మ అరవలేదు, ఎవర్నీ తిట్టలేదు. కిటికీ దగ్గర నిలబడి నీళ్ల వంక చూసింది. అమ్మ అరిస్తే బాగుండునని లారస్‌కు అనిపించింది.

క్లబ్బు పోతే పోయింది. పంజి పోతే పోయాడు. తమ్ముడుంటే చాలు.

“అమ్మా,” అంది. “కొమాంగ్ అక్క అడిగితే నేను చూడకుండానే చెప్పాను. వాడు జోయెల్ అన్న దగ్గర ఉన్నాడో లేడో నాకు తెలీదు.”

కొమాంగ్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే ఇటు తిరిగింది. అమ్మ లారస్ ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

“ఏడవకు. చివరిసారి వాణ్ణి ఎక్కడ చూశావో చెప్పు.”

లారస్ గుర్తు చేసుకోబోయింది. పంజి ఎక్కడెక్కడ దాక్కున్నాడో గుర్తుంది. మిగతావాళ్లు గుర్తున్నారు. తమ్ముడు గుర్తు లేడు.

“నేను చూళ్లేదమ్మా. వాడు ఉల్లిపాయ కదా. వాణ్ణి ఎవరం వెతకం.”

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆమె ఆగిపోయింది. వెతకలేదు. ఎవరూ పట్టుకోలేదు. అంటే వాడి ఆట ఇంకా అయిపోలేదు.

“అందరూ ఒక్కసారి పిలవడం ఆపండి,” అంది లారస్. “పిలిస్తే రాడు. రావద్దని నేనే చెప్పాను.”

నాన్న ఏదో అనబోయాడు. అమ్మ చేత్తో ఆపింది. ఓడ అడుగున ఇంజను మోత ఒక్కటే సన్నగా వినపడుతోంది.

లారస్ వెళ్లి గోడకు మొహం ఆనించింది. పది దాకా లెక్కపెట్టింది.

“అయిందా?”

జవాబు లేదు. వెనకాల అమ్మ ఊపిరి పీల్చుకోవడం వినపడింది.

“బన్యూ, ఇందాకటి మాట తీసేస్తున్నా. నువ్విప్పుడు ఉల్లిపాయవి కాదు. నువ్వు కూడా లెక్కలో ఉన్నావు. నేను దొంగని. నిన్ను ఒక్కణ్ణే వెతుకుతున్నా.”

కాసేపటికి ఎక్కడినుంచో సన్నటి గొంతు వచ్చింది.

“దొరికితే నేనే దొంగనా?”

అమ్మ ఒక అడుగు వేసింది. నాన్న ఆమె భుజం పట్టుకున్నాడు.

“నువ్వే దొంగవి,” అంది లారస్.

“నిజంగా దొంగనా? ఉత్తుత్తి దొంగనా?”

“నిజంగా.”

“అయితే అయింది.”

మూలన స్పాంజి ఇటుకలు పేర్చిన గోడ ఉంది. పిల్లలెవరో కట్టి వదిలేసిన కోట అనుకుని అందరూ దాని ముందునుంచే తిరిగారు. లారస్ వెళ్లి ఒక ఇటుక లాగింది. లోపల చెమటతో తడిసిన జుట్టు, రెండు కళ్లు.

“దొరికావు,” అంది లారస్. లాగిన ఇటుక ఇంకా చేతిలోనే ఉంది.

బన్యు ఇటుకలన్నీ కూల్చుకుంటూ బయటికొచ్చాడు. “అమ్మా, నన్ను పట్టుకున్నారు,” అన్నాడు. ఏదో బహుమతి వచ్చినట్టు చెప్పాడు.

అమ్మ వాణ్ణి ఒళ్లోకి లాక్కుని తివాచీ మీద అలాగే కూలబడింది. నవ్వుతోంది, కళ్లు తుడుచుకుంటోంది. కొమాంగ్ ఫోన్‌లో, “దొరికాడండి, గదిలోనే ఉన్నాడు,” అని చెప్పి, పిల్లల చిన్న కుర్చీలో కూర్చుండిపోయింది. నాన్న బ్యాట్‌తో విసురుకున్నాడు. జోయెల్ వెళ్లి ఇంకో ఐస్‌క్రీమ్ తెచ్చాడు, ఎవరికివ్వాలో తెలియక అమ్మకిచ్చాడు. ఆమె తినేసింది.

మర్నాడు పొద్దున్న లారస్ క్లబ్బు మాట ఎత్తలేదు. కేబిన్‌లో బొమ్మకార్లు తీసి వరసగా పెట్టింది.

“నాకు కార్లొద్దు. నేను దొంగని. నా వంతు ఉంది,” అన్నాడు బన్యు.

అమ్మ లారస్ వంక చూసింది.

“వద్దులేమ్మా. నువ్వు ముందే చెప్పావు కదా,” అంది లారస్.

“చెప్పాను.” అమ్మ జడ అల్లుకోవడం ఆపింది. “కానీ వంతు వచ్చాక వీణ్ణి ఆపడం నావల్ల కాదు. నేనూ వస్తా. తలుపు దగ్గరే కూర్చుంటా.”

తలుపు దగ్గర కొమాంగ్ ఇవాళ లోపలికొచ్చే ప్రతి తలనూ చేత్తో తాకి లెక్కపెడుతోంది. పెద్దల తలలు కూడా. అమ్మ వంగి తలపెట్టింది.

“వచ్చాడ్రా ఉల్లి,” అన్నాడు పంజి.

“ఉల్లి కాదు, బన్యు,” అంది లారస్. “ఇవాళ దొంగ వాడే.”

“వీడా? వీడు మనల్ని పట్టుకునేసరికి ఓడ సింగపూర్ చేరుతుంది.”

“చేరితే చేరనీ. అందాకా దాక్కుందాం. మధ్యలో లేచి రావడాల్లేవు.”

పంజి భుజాలెగరేసి తెర వెనక్కి నడిచాడు.

బన్యు గోడకు మొహం పెట్టుకుని లెక్కపెట్టాడు. మధ్యలో ఏడు అంకె మింగేశాడు. లారస్ రంగుల బల్ల కిందికి దూరింది. బన్యు ముందు బంతుల తొట్టి వెతికాడు. తరవాత మళ్లీ బంతుల తొట్టే వెతికాడు. బంతులు బాగున్నాయి కాబోలు, అక్కడే కాసేపు ఆగిపోయాడు. లారస్ కాలు తిమ్మిరెక్కింది. ఒక్క దగ్గు దగ్గితే వాడికి తెలిసిపోతుంది, కానీ దగ్గలేదు.

జోయెల్ పళ్లరసం ట్రాలీ తోసుకొచ్చాడు. పిల్లలు అటు కదిలారు. తెర వెనకనుంచి పంజి గుసగుసగా అడిగాడు, “లారస్, జామరసం అయిపోతోంది. పోదామా?”

“నువ్వు పో. వాడింకా నన్ను పట్టుకోలేదు.”

పంజి ట్రాలీ వంక చూశాడు. తరవాత తెర మళ్లీ మొహం మీదికి లాక్కున్నాడు.

తలుపు దగ్గర అమ్మ ఇదంతా చూస్తూ ఉంది. కాసేపటికి లేచి, చెప్పులు వేసుకుని, కొమాంగ్‌తో అంది, “పై డెక్ మీద టీ బాగుంటుందటగా. తాగొస్తా.”

చిన్న కాళ్లు రెండు రంగుల బల్ల దాకా వచ్చి ఆగాయి.