చాక్లెట్ డబ్బాలో నలభై

"బయటి దేశాల నుంచి వచ్చేవాళ్లు విత్తనం, మన్ను, బతికున్న పురుగు తేకూడదు. కస్టమ్స్ ఫారంలోనే ఉంది," అన్నాడు చీఫ్. "ఒక ముఠా మనిషి నలభై పురుగులు తెచ్చాడు. చాక్లెట్ డబ్బాలో."

"ఏం చేస్తాయవి?" అడిగాడు ఏజెంట్ అవినాష్.

"ఇప్పచెట్టును లోపల్నుంచి తొలుస్తాయి. జత కూడా అక్కర్లేదు, ఒక్కటి మిగిలినా పిల్లలు పెడుతుంది. రెండేళ్లలో బస్తర్‌లో ఇప్పపువ్వు ఉండదు. అప్పుడు అదే ముఠా పురుగుమందు అమ్ముకుంటుంది. ఛీ!"

తర్లగూడ సంతలో డబ్బా తెరుస్తారని సమాచారం. సాయానికి ఎయిర్‌పోర్టు క్వారంటైన్ ఆఫీసర్ ప్రశాంతి. కోడ్‌వర్డ్: వాన పడేలా ఉంది. ఆమె నవ్వుతూ అవినాష్‌కు షేక్‌హ్యాండ్ ఇచ్చింది.

సంతలో అవినాష్ ఎండుచేపలు అమ్మేవాడి వేషంలో కూర్చున్నాడు. కంపుకి మొహం పక్కకు తిప్పుకున్నాడు. పక్కనే ఇప్పచెట్టు కింద బుల్లమ్మ వడలు వేస్తోంది. ఆమె ఇల్లు గడిచేది ఆ చెట్టు పువ్వుతోనే.

ప్రశాంతి ముక్కుకు సిల్కు స్కార్ఫ్ అడ్డం పెట్టుకుని వచ్చింది. "వాన పడేలా ఉంది. డబ్బా తెచ్చినవాడు బస్సు దిగాడు, వెళ్లండి."

లేవబోతుంటే, ఆ పురుగుల్ని పసిగట్టడానికి వాచీలో పెట్టిన సెన్సర్ అదిరింది. ఏదో కదులుతోంది, ఆమె హ్యాండ్‌బ్యాగులో.

వెనక్కి తిరిగేసరికి ఆమె చెట్టు బెరడుకు ఆనించి డబ్బా మూత తీస్తోంది. అవినాష్ ఒక్క దూకు దూకాడు. డబ్బా ఎగిరిపడి, తెల్లటి పురుగులు వేర్ల మీద పాకాయి. ఆమె చేతులకు బేడీలు పడ్డాయి.

"ఎయిర్‌పోర్టు దాటించింది నువ్వేనా?"

"నేను సంతకం పెట్టకపోతే ఇంకొకరు పెట్టేవాళ్లు," అంది తాపీగా. అతనికి ఒళ్లు జలదరించింది.

"ఏంది గోల?" బుల్లమ్మ వచ్చి చూసింది.

"ముట్టుకోకమ్మా! ఇప్పచెట్లను తినే పురుగులు, నలభై ఉన్నాయి!"

"ఈతచెట్టు పురుగుల లెక్కనే ఉన్నయి గద. మా చెట్టును తిననీకి వచ్చినయా? మేమే తింటం." గబగబా ఏరి జల్లిగరిటెతో కడాయిలో వేసింది. "ముప్పై తొమ్మిది."

నలభయ్యోది బెరడులోకి సగం దూరింది. బుల్లమ్మ జడపిన్ను తీసి దాన్ని బయటికి లాగి నూనెలో పడేసింది.

సాయంత్రం రిపోర్టులో, 'జప్తు చేసిన సరుకు ప్రస్తుతం ఎక్కడుంది' అన్న గడి దగ్గర అవినాష్ కలం ఆగింది. "ఉప్పు సరిపోయిందో చూడు బిడ్డా," అని బుల్లమ్మ వేగిన పురుగుల ప్లేటు జరిపింది.

అతను ఒకటి తిన్నాడు. బాగానే ఉంది. తర్వాత సబ్బు అడిగి, ప్రశాంతికి షేక్‌హ్యాండ్ ఇచ్చిన చేతిని రెండుసార్లు కడుక్కున్నాడు.