రేవెన్‌మూర్ గడప

గద్వాల కోట బురుజు పక్కన చెరకురసం బండి. బండి దగ్గర నిలబడ్డవాడు ఏజెంట్ తిమ్మప్ప. ఊరు అమరచింత. కోడ్ నేమ్ కె-సెవెన్.

టూరిస్టు వేషంలో ఒక పెద్దమనిషి వచ్చి గ్లాసు అందుకున్నాడు.

“కోట బావిలో నీళ్లున్నాయా?”

“ఎప్పుడో ఎండినయి సార్.”

కోడ్ కలిసింది. ఆ పెద్దమనిషి తిమ్మప్ప చీఫ్.

“మన ఆఫీసు నుంచి ఒక మైక్రోచిప్ పోయింది. అందులో అడవిలో మనకు సమాచారం ఇచ్చే మనిషి పేరుంది. ఇంగ్లాండు పల్లెల్లో రేవెన్‌మూర్ అని ఒక పాడుపడ్డ కాజిల్. అక్కడ టూరిస్టుల మధ్య చిప్ చేతులు మారుతుంది. అందుకునేది రింగ్ అనే విదేశీ ముఠా. తెచ్చేది ఒక ఆడమనిషి. మన గుట్లు తెలిసినది. ముఖం ఎవరికీ తెలియదు.”

“అడవిల మన మనిషంటే మాసన్ననే గద సార్?”

చీఫ్ సగం రసం పారబోసి వెళ్లిపోయాడు.

మన్ననూర్ మాసయ్య. నల్లమలలో రింగ్ క్యాంపుల జాడ చెప్పే ముసలాయన. కిందటి ఆపరేషన్‌లో ఏజెంట్ గీతకు తూటా తగిలితే భుజాన మోసి దవాఖానకు తెచ్చినవాడు. గీత దక్కలేదన్నారు. ఇప్పుడు చిప్ చేరితే మాసయ్య దక్కడు.

రేవెన్‌మూర్‌కు పైకప్పు లేదు. గోడలు, గొర్రెలు, చినుకు. టికెట్టుకు మాత్రం పెద్ద లైను. టూరిస్టు బస్సు మలుపు తిరుగుతుండగా తిమ్మప్ప ముందే లోపలికి చేరాడు. శ్రీలంక ప్రొఫెసర్ వేషం. జేబులో పిస్టల్, మెడలో కెమెరా. బటన్ నొక్కితే మత్తు సూది వదులుతుంది.

బస్సు వచ్చింది. తలుపు లేని వాకిట్లో రాతి గడప. దిగినవాళ్లంతా దానిమీద కాలేసి లోపలికి వస్తున్నారు. ఒకడు దానిమీదే నిలబడి శాండ్‌విచ్ తింటున్నాడు.

అందరి వెనక ఒకామె. బంగారు రంగు విగ్గు, నల్లకళ్లద్దాలు, ఎర్రకోటు. గైడ్ ఆమెను మిస్ గ్లోరియా అన్నాడు. ఆమె కిందికి చూడలేదు. కాలెత్తి, గడప తొక్కకుండా దాటింది.

కూలిన ఇంటి గడప కూడా తొక్కని ఊళ్లు తిమ్మప్పకు తెలుసు.

బురుజు వెనక్కి వెంబడించాడు. ఆమె గిర్రున తిరిగింది. చేతిలో చిన్న పిస్టల్.

“హలో, మిస్ గ్లోరియా,” అన్నాడు ఇంగ్లీషులో.

“ఇంగ్లీషెందుకు తిమ్మన్నా?” అద్దాలు తీసింది. గీత!

“నువ్వు సచ్చిపోయినవ్ గద!”

“ఎవరన్నరు, చీఫా? దవాఖానల కండ్లు తెరిస్తె పక్కన ఒక్కలు లేరు. ఫైలు మూసిండ్రంట. నా ఫొటోకు నువ్వే దండేసినవంట. ఏం పూలు?”

“బంతిపూలు.”

“కంజూస్! నన్నెట్ల గుర్తువట్టినవ్?”

“కడప తొక్కలే నువ్వు.”

“నువ్వు తొక్కినవా? కాలెత్తి దాటుడు బస్సు కిటికీలకెల్లి చూసిన. ప్రొఫెసరంట, ప్రొఫెసర్!”

“చిప్ ఇయ్యి గీతా. అండ్ల మాసన్న పేరుంది.”

“అబద్ధం. ఇది గనుల మ్యాపు.”

“రింగోళ్లు చెప్పిన్రా?”

“మీరు చెప్పిన అబద్ధాలు గూడ యాదికున్నయి.”

గోడ పక్కనుంచి బూడిదరంగు కోటు తెల్లవాడు గొడుగు ఊపుకుంటూ వచ్చాడు. గీత పిస్టల్ తిమ్మప్ప మీదే ఉంది. తెల్లవాడు చెయ్యి చాచాడు. ఆమె చిప్ తీసింది. ఇవ్వలేదు.

“గనుల మ్యాపు మీకెందుకు?” అని ఇంగ్లీషులో అడిగింది.

అతను నవ్వాడు. “మ్యాపా? అందులో ఉన్నది ఒక పేరు. మా క్యాంపులు పట్టించినవాడి పేరు. మావాళ్లు కత్తులు పట్టుకుని అడవిలోనే ఉన్నారు. పేరు రావడమే ఆలస్యం.”

గీత చిప్‌ను రాయి మీద పడేసింది. మడమతో పొడిపొడిగా తొక్కింది.

గొడుగు మొన పైకి లేచింది. తిమ్మప్ప కెమెరా క్లిక్‌మంది. గొడుగు తూటా గోడకు తగిలింది. బూడిదకోటు ఫొటోకు నవ్వుతున్నట్టే ఒరిగిపోయింది.

తిమ్మప్ప చెవిలో, ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు పలికింది. “రిపోర్ట్?”

“చిప్ నాశనమైంది సార్. మాసన్న...”

“సేఫ్‌హౌస్‌కు మారుస్తాం. ఇక అడవి మొహం చూడనివ్వం. తెచ్చిన మనిషి?”

“గీత సార్. బతికే ఉన్నది.”

“రికార్డులో చనిపోయింది. అలాగే ఉండాలి. పిస్టల్ ఉందిగా?”

గీత అతని మొహం చదివింది. “సంపుమన్నడా?”

తిమ్మప్ప చేతితో వాకిలి చూపించాడు.

ఆమె నడిచింది. వాకిట్లో ఆగి వెనక్కి చూసింది.

“ఈసారి మల్లెపూలు తే,” అంది. కాలెత్తి గడప దాటి చినుకుల్లో కలిసిపోయింది.

“పని అయిందా?” అన్నాడు చీఫ్.

“రికార్డుల ఎప్పుడో అయింది గద సార్.”

ఇయర్‌పీస్ పీకి జేబులో వేసుకున్నాడు. వాకిలి దగ్గర బూటుకాలు ఎత్తాడు. కాస్త ఆగి, గడప మీదే వేశాడు.

ప్రొఫెసర్ వేషం అప్పటికి కుదిరింది.