టాంకు మీద మూడు దెబ్బలు

ఊరవతల ఎత్తు రోడ్డు పక్కన ఒక ఖాళీ ఇల్లుంది. వంకర గేటు ఇల్లంటారు. చీకటి పడ్డాక దాని ముందునుంచి ఒంటరిగా పోకూడదని అందరూ చెబుతారు... పోయినవాళ్ళకి చప్పుళ్ళు వినిపిస్తాయట.

దర్జీకి కుట్టుమిషను తిరిగినట్టు వినిపించింది. బడిపంతులుకి పిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టు వినిపించింది. మా వీధి గుమాస్తాకి ఎవరో టైపు కొడుతున్నట్టు వినిపించింది — రిటైరయ్యి ఇన్నేళ్ళయినా! పాపం, ఆ దెయ్యానికి సొంత పనంటూ లేదు. ఎవడొస్తే వాడి పనే చేసిపెడుతుంది.

నేను ఒకప్పుడు కాలేజీలో భౌతికశాస్త్రం చదివినవాణ్ణి. మా లెక్చరరు శ్రుతిదండాన్ని మోగించి బల్లకి ఆనించేవాడు. బల్లంతా మూలిగేది. ఆయనకి నత్తి. బల్ల ఆయనకన్నా స్పష్టంగా మాట్లాడేదని వెనక బెంచీవాళ్ళం... సరే, అదిప్పుడెందుకు. మా అల్లుడి సంగతి కదా చెబుతున్నాను.

అల్లుడికి సీసాల ఫ్యాక్టరీలో ఉద్యోగం. వాళ్ళ నాన్న, అంటే మా వియ్యంకుడు, పోయి ఏడాది దాటింది. ఆయన మోటారు సైకిలు మిగిలింది. ఇనుప దుంగ. స్టార్టు చేస్తే వీధి చివర పిల్లి లేచి కూర్చుంటుంది. కిక్కు కొట్టేముందు ఆయన వేలి కణుపులతో టాంకు మీద మూడుసార్లు తట్టేవాడు. నిండుగా ఉంటే మొద్దుగా మోగేది. అడుగంటితే డొల్లగా మోగేది.

"మీటరెందుకు బావగారూ, అదే చెబుతుంది," అనేవాడు నాతో. ఏదో పెళ్ళాం గురించి చెప్పినట్టు.

ఈమధ్య అల్లుడికి ఆ బండి మీద ప్రేమ పుట్టింది. టాంకు విప్పి, రంగు వేయించి, తనే మళ్ళీ బిగించాడు. నన్నొక మాట అడగలేదు.

ఆ వారంలోనే మొదలైంది.

షిఫ్టు దిగి ఇంటికొస్తున్నాడట. గాలి లేదు... దీపం లేదు... వంకర గేటు కనిపించింది. దాన్ని దాటుతుండగా — సరిగ్గా తొడల మధ్యనుంచి —

టక్. టక్. టక్.

వాడు ఆగలేదు. చప్పుడూ ఆగలేదు. గేటు బాగా వెనకబడ్డాకే ఆగింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అక్కడే... ఆ గేటు దగ్గరే.

"నాన్నే, మామయ్యా," అన్నాడు నా చెవిలో. వాళ్ళ ముందుగదిలో మేమిద్దరమే ఉన్నాం, గుసగుసలెందుకో నాకర్థం కాలేదు. "టాంకు తడుతున్నాడు. రంగు మార్చానని కోపం."

"మీ నాన్నకి రంగుల పట్టింపా? జీవితమంతా ఒకే చొక్కాలో కనిపించాడయ్యా నాకు."

"మీరు నవ్వుతారని తెలుసు. రేపు పొద్దున పాత ఇనుము వాడొస్తున్నాడు. తూకానికి ఇచ్చేస్తున్నా."

లోపల్నించి మా అమ్మాయి వచ్చింది. "నాన్నా, మీరైనా చెప్పండి. అత్తయ్య నిన్నట్నించి ముద్ద ముట్టలేదు."

వరండాలోకి చూశాను. మా వియ్యపురాలు బండి సీటు మీద చెయ్యేసి నిలబడి ఉంది. ఆయన గుర్తుగా ఆవిడకి మిగిలింది ఆ బండి ఒక్కటే.

"పదవయ్యా అల్లుడూ," అన్నాను. "మీ దెయ్యాన్ని నాకూ పరిచయం చెయ్యి."

వెనక కూర్చున్నాను. మావాడు బండి నడపటం మామూలుగా ఎలా ఉంటుందంటే, సైకిలు వాళ్ళు మమ్మల్ని దాటి, వెనక్కి తిరిగి జాలిగా చూశారు. అలాంటివాడు గేటు కనిపించేసరికి ఒక్కసారిగా పిడి తిప్పేశాడు. బండి అరికాళ్ళనించి వణికింది. నా కట్టుడు పళ్ళు వాటంతటవే మాట్లాడటం మొదలుపెట్టాయి.

టక్. టక్. టక్.

"విన్నారా?"

"విన్నాను. ఇంత వేగం దేనికి?"

"దెయ్యం ఉంది కదండీ!"

ఫ్యాక్టరీ రోడ్డెక్కాం. అటూ ఇటూ మైదానం, ఒక్క గోడైనా లేదు.

"ఇక్కడా అదే వేగంతో పోనీ."

"ఇక్కడెందుకు మామయ్యా? ఇక్కడ దెయ్యం లేదుగా."

"పోనీమన్నానా!"

పోనిచ్చాడు.

టక్. టక్. టక్.

వాడి వీపు బిగుసుకుపోయింది. దెయ్యానికి భయపడి వేగం పెంచుతాడు. వేగం పెంచితే దెయ్యం వస్తుంది. ఇలాంటివాడికి నా పిల్లనిచ్చాను.

ఇంటికొచ్చి, టాంకులో పెట్రోలంతా డబ్బాలోకి వంచి, బోల్టులు విప్పించాను. టాంకు తిరగేసి దీపం పట్టాను. అడుగున, టాంకుని మోసే బండి వెన్నుగొట్టానికి తగిలేచోట కొత్త రంగు లేచిపోయింది. రేకు తళతళలాడుతోంది. గుంట కూడా పడింది.

"ఆ వేగం దగ్గర ఇంజను వణుకుకి టాంకు శ్రుతి కలిపింది. టాంకు గొట్టాన్ని కొట్టింది. ఇంకో వారమైతే ఇక్కడ చిల్లు పడేది. పెట్రోలు వేడి ఇంజను మీద కారేది. అప్పుడు ఆ గేటు దగ్గర దెయ్యానివి నువ్వే అయ్యేవాడివి," అన్నాను. "మధ్యలో ఉండాల్సిన రబ్బర్లేవి?"

"రబ్బర్లా? ఏవో పాత చెప్పుముక్కలుంటే... అసహ్యంగా ఉన్నాయని పారేశా."

వియ్యపురాలు నెత్తి కొట్టుకుంది. "అవి మీ నాన్న కోసిపెట్టినవిరా! నా కొత్త చెప్పు కోశాడని వారంపాటు ఆయనతో మాట్లాడలేదు నేను!"

లోపలికెళ్ళి రెండో చెప్పు పట్టుకొచ్చింది. కొత్తది, జత లేనిది.

"ఇన్నాళ్ళూ ఎందుకు దాచావు చెల్లెమ్మా?"

"ఆయన్ని దెప్పటానికి, అన్నయ్యగారూ."

దాన్ని ముక్కలు కోశాను. టాంకుకీ గొట్టానికీ మధ్య చిటికెనవేలు దూరేంత సందు వచ్చేలా సర్దాను. బోల్టులు మరీ బిర్రుగా బిగించనివ్వలేదు, రబ్బరు నలిగిపోతే మళ్ళీ కథ మొదటికొస్తుంది. కారుతుందేమో చూడటానికి గ్లాసుడు పెట్రోలు పోశాం. కారలేదు. గుంటకి రేపు అతుకు వేయించుకోవచ్చు.

మళ్ళీ బయల్దేరాం. వంకర గేటు... అదే వేగం... అదే చీకటి.

ఏ చప్పుడూ లేదు.

నాకు గెలుపు. వాడు మాత్రం బండి ఆపి, వెనక్కి గేటు వైపు చూశాడు.

"ఏమయ్యా?"

"ఏం లేదు మామయ్యా... అయితే నాన్న రాలేదన్నమాట."

"ఫిజిక్సు వచ్చింది. మీ నాన్నెందుకొస్తాడు?" అన్నాను. కొంచెం గట్టిగానే నవ్వాను.

వెనక్కి తిప్పాం. ఈసారి వాడు నెమ్మదిగా, సైకిలు నడకన, ఎత్తెక్కిస్తున్నాడు. ఇంజను హాయిగా కొట్టుకుంటోంది. గేటు పక్కకొచ్చింది. అప్పుడు —

టక్. టక్. టక్.

డొల్లగా.

"ఆటలాపండి మామయ్యా."

"నేనా? నా రెండు చేతులూ నీ నడుం చుట్టే ఉన్నాయి కదయ్యా..."

వాడి రెండు చేతులూ హ్యాండిలు మీద ఉన్నాయి.

బండి ఒకసారి దగ్గింది. ఇంకోసారి దగ్గి... ఆగిపోయింది.

వాడు మూత తీసి బండిని ఊపాడు. లోపల ఏమీ కదల్లేదు. వంచిన పెట్రోలంతా డబ్బాలో, వరండాలో భద్రంగా ఉంది. ఆ గ్లాసుడుతోనే వచ్చేశాం. భౌతికశాస్త్రం చదివినవాడికి తట్టలేదు.

"కొత్త రబ్బరు సర్దుకుంటోంది," అన్నాను. గొంతు ఎందుకో గుసగుసగా వచ్చింది. "సర్దుకునేటప్పుడు చప్పుడవుతుంది."

"అవును మామయ్యా." ఆ చీకట్లో కూడా వాడి నవ్వు తెలిసింది. "పాత ఇనుము వాణ్ణి పొద్దున్నే వెనక్కి పంపేస్తా."

వాడు హ్యాండిలు పట్టుకుని, ఈల వేస్తూ నడిచాడు. నేను వెనకనుంచి సీటు పట్టుకుని తోశాను. అంత ఎత్తు, అంత ఇనుము. వాడు చూస్తే సన్నగా ఉంటాడు, నాకు మెట్లెక్కితేనే ఆయాసం.

బండి మాత్రం చాలా తేలిగ్గా కదిలింది.

నేను పక్కకి చూడలేదు.