సుంకం బంగ్లా కాడ దిగిన ముప్పై ఎనిమిది మంది

కూచో అప్పా, ఆఖరి బస్సు దిగినట్టుండావు. టీ కాస్తాండా. అది కాగేలోపల ఒక సంగతి చెప్తా. నడాన అడ్డం రావద్దు, నాకు కోపమొస్తాది.

ధర్మవరం దోవలో కొండ, అదే సుంకం గట్టు, దాని కింద పాడుబడిన బంగ్లా ఉండాది గదా... పగలు గూడా ఆ పక్క మేకల్ని తోలరు. ఎనకటికి బండ్ల కాడ సుంకం వసూలు చేసి, పోయేవీ వచ్చేవీ రాసుకునే గుమాస్తా ఒకాయన ఆడ ఉండె. లెక్క రాస్తా రాస్తానే కుర్చీలో పానం ఇడిచినాడంట. ఇప్పటికీ చీకటి పడితే ఆ దోవన పోయేటోళ్లను లెక్కబెడతాంటాడని చెప్పుకుంటారు. అందుకే ఆడ ఎవురూ నోరు మెదపరు. మాట ఇనపడితే ఆయన లెక్కలో పడిపోతామని భయం.

ఎనభై మూడులో అనంతపురం నుంచి శ్రీరంగప్ప సారు అని ఒకాయన వచ్చినాడు. బస్సుల్లో ఎంతమంది యాడ ఎక్కుతారు, యాడ దిగుతారు అని లెక్క తీసి, గోడంత పటం మీద చూపించే పని ఆయనది. ఊరికొక మొల కొట్టి, ధర్మవరం పట్టు దారం తెప్పించి, మనిషికొక ఎర్ర పోగు లాగినాడు. జనం ఎక్కువ పోయే దోవ తాడంత లావు, తక్కువ పోయేది ఎంట్రుకంత సన్నం. అబద్ధమెందుకు, చూసేదానికి భలే ఉండె.

బస్సులో కూచుని తలకాయలు లెక్కబెట్టేది యేసన్న. తాత్కాలికం పని. పర్మినెంటు అయితే పెండ్లాంబిడ్డల్ని తోలుకొని మళ్లా వలస పోయే పని లేదని ఆశపడతాండె. కండ్లతో చూడందే ఒక్క గీత గీయడు. అడిగిందానికి తప్ప జవాబు చెప్పడు.

పటం అయ్యేటప్పటికి సారుకు చెమట్లు పట్టినాయి. ధర్మవరం నుంచి మన కదిరికొచ్చే ఆఖరి బస్సుది — ముప్పై ఎనిమిది పోగులూ సుంకం బంగ్లా కాడ ఆగిపోయినాయి! అందరూ ఆడ్నే దిగినారు. మళ్లా ఎక్కినోడు ఒక్కడూ లేడు. ఖాళీ బస్సు కదిరికొచ్చింది... ఆ ఖాళీ బస్సులోంచి ముప్పై ఎనిమిది మంది దిగినారు.

"యేసన్నా... నిజంగా దిగినారా?"

"దిగినారు సార్."

"ఆ బంగ్లా కాడ?"

"ఆడ్నే సార్. దినామూ."

"నేనే వచ్చి చూస్తా. లెక్క తప్పయిందో, నీ ఉద్యోగం పోయినట్టే," అన్నాడు సారు. దర్పం మాత్రం తగ్గలా. పాపం, యేసన్న మొగం వాడిపోయింది.

మర్సటి దినం ఇద్దరూ ఆఖరి బస్సెక్కినారు. గట్టు కిందికొచ్చేటప్పటికి చిమ్మచీకటి. బంగ్లా ముందర బస్సు దగ్గి, మూలిగి, నిలబడిపోయింది. ఎవురూ ఏమీ అనలా. ఒక్కొక్కరే లేసినారు... తలకు టవలు చుట్టుకున్నోళ్లు, కొంగు కప్పుకున్నోళ్లు. గప్‌చుప్‌గా దిగి చీకట్లో కలిసిపోయినారు. యేసన్న గూడా ఫారం పట్టుకోని దిగిపాయ. యేసన్నను ఇడిసిపెట్టి సారు లెక్కబెట్టినాడు. ముప్పై ఎనిమిది!

సీట్లల్లో ఆయనొక్కడే మిగిలినాడు. అంతలో... ఇంజను ఏడుస్తా ఏడుస్తా ఉంటే, బస్సు జరిగింది. ఎనక్కి తిరిగి చూస్తే, అద్దానికి చేతులు. ఒకటి గాదు, రెండు గాదు... అద్దం నిండా చేతులే! సారు లోపల్నే ఆంజనేయస్వామిని తలుచుకున్నాడు.

కిటికీ కాడ ఒక తల లేసింది. గుసగుసగా అనింది —

"సారూ... దిగు..."

"ఎ... ఎందుకు?"

"ఎందుకేంది? నీ బరువు గూడా మేమే తోయల్నా?"

పట్టు మగ్గాల పనికి పోయొచ్చే రామాంజినమ్మ ఆ యమ్మ. ఆ డొక్కు బస్సు జనంతో గట్టెక్కలేదప్పా! దినామూ కింద అందరూ దిగి, తోసి, పైన మళ్లా ఎక్కుతారు. కదిరోళ్లందరికీ తెల్సిన సంగతే. సారు జీపులో తిరిగే మనిషి, ఆయనకేం తెలుస్తాది?

సారు గూడా దిగి భుజం పెట్టినాడు. పైకి చేరినాక యేసన్న మీద ఇరుసుకపడినాడు: "ఈడ ఎక్కినారని ఎందుకు రాయలా?"

"బంగ్లా కాడ స్టాపుండాది, గట్టు పైన లేదు సార్. ఫారంలో లేని చోటు యాడ రాసేది?"

సారు తలకాయ కొట్టుకోని, ఫారం కింద చేత్తో గడి గీసి, "ఇంగ రాయి," అన్నాడు. తమ ఇద్దర్నీ ఇడిసిపెట్టి, ఎక్కేటోళ్లను ఇద్దరూ లెక్కబెట్టినారు.

ముప్పై తొమ్మిది.

"ముప్పై ఎనిమిదే రాయి యేసన్నా... నీకు దండం పెడతా," అని గొణిగినాడు సారు.

"తప్పు రాస్తే ఉద్యోగం పోతాదని మీరే అంటిరి గదా సార్. నేను చూసింది ముప్పై తొమ్మిది."

సారు కింద సంతకం పెట్టినాడు. అంత చీకట్లోనూ చూసిందే రాసినాడని, యేసన్నను పర్మినెంటు చేయమని ఆయనే రాసిచ్చినాడు. పటంలో బంగ్లా కాణ్నుంచి ఒక పోగు ఎక్కువే ఉండాది ఇప్పటికీ.

ఆ రాత్రి సారు ఈ బల్ల మీదనే కూచుని మూడు టీలు తాగి ఇదంతా చెప్పినాడు. "ఆ ముప్పై తొమ్మిదో ఆయన యాడ దిగినాడు సారూ?" అంటి. గ్లాసు కింద పెట్టి, "ఈడ్నే. నీ అంగడి ముందర," అన్నాడు.

ఇదో, టీ పట్టుకో... ఏమప్పా, వచ్చినప్పట్నుంచీ ఒక్క మాటా మాట్లాడలేదే? నా గ్లాసుల్ని ఎందుకట్ల లెక్కబెడతాండావు?...

ఇంతకూ నువ్వు యాడ ఎక్కినావు?