ఆధారం లేని వాక్యం

ఆదివారం మధ్యాహ్నాలు ఆ లైబ్రరీ రీడింగ్ రూములో పెద్దగా ఎవరూ ఉండరు. ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతుంటుంది. పాత పేపర్ల వాసన గదంతా పట్టేసి ఉంటుంది. కిటికీ పక్కన కంప్యూటర్ ముందు ఇద్దరే ఉన్నారు. ఒకరు స్కూల్లో డ్రాయింగ్ టీచరు. రెండోది ఆమె ఆడపడుచు, ఆ లైబ్రరీలోనే ఉద్యోగం. నోరు మూతపడదని ఇంటిల్లిపాదీ ఆమెను పిచ్చుక అంటారు. ఎవరైనా రాయగలిగే ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వంలో పిచ్చుక చాలాకాలంగా వ్యాసాలు రాస్తోంది. ఈమధ్యే వదినను కూడా అందులోకి లాగింది.

"నీకు తెలిసిందల్లా రాసెయ్యకూడదు వదినా. ఎక్కడో అచ్చయింది రాయాలి. కింద ఆధారం చూపించాలి."

"మరి నా కళ్లారా చూసిందో?"

"చూస్తే నీ దగ్గరే దాచుకో. ఇక్కడ చెల్లదు."

టీచర్ నవ్వేసింది. నేర్చుకోవడానికి ఆమె ఎంచుకున్న వ్యాసం, లైబ్రరీ వెనకాలే ఉన్న పాత ఈతకొలను గురించి. పైకప్పున్న కొలను, మూతపడి ఏళ్లయింది. వ్యాసంలో రెండు ముక్కలకు మించి ఏమీ లేదు. ఆమె పాత పేపర్లు తిరగేసి, ఎవరు కట్టించారో, ఎప్పుడు మూశారో రాసింది. ప్రతి మాటకీ ఆధారం తగిలించింది. వాక్యం తప్పుగా ఉంటే పిచ్చుక దిద్దేది. టీచర్ బుద్ధిగా మళ్లీ రాసేది. తన బొమ్మల మీద కూడా అంత మురిపెం ఉండేది కాదేమో.

ఒకరోజు చూస్తే వ్యాసం చివర కొత్త వాక్యం ఉంది. "ఇక్కడ ఇప్పటికీ ఈత నేర్పుతారు."

పిచ్చుక తీసేసింది. మర్నాటికి మళ్లీ ఉంది. మళ్లీ తీసేసింది. మళ్లీ వచ్చింది. రాసినవాళ్లకు పేరూ ఊరూ లేదు. టీచర్ చర్చ పేజీలోకి వెళ్లి మర్యాదగా అడిగింది, "దీనికి ఆధారం చూపించగలరా?" అని.

కాసేపటికే జవాబొచ్చింది. "వచ్చి చూడండి."

"ఎవడో పనీపాటా లేనివాడు," అంది పిచ్చుక. "ఎండిపోయిన కొలను ఫొటో ఒకటి పెట్టేద్దాం పద. దెబ్బకి నోరు మూస్తాడు."

సాయంత్రం వాచ్‌మన్‌ని బతిమాలి తాళం తీయించారు. "వెలుగుండగానే వచ్చేయండమ్మా, లోపల లైట్లు లేవు," అని అతను గేటు దగ్గరే ఉండిపోయాడు.

లోపల గోడలు పెచ్చులూడి ఉన్నాయి. బెంచీల నిండా పావురాల రెట్ట. మసిబారిన పైకప్పు అద్దాల్లోంచి వెలుగు సన్నగా దిగుతోంది. కొలనులో చుక్క నీరు లేదు. అడుగున బీటలు వారిన పలకలు, వాటి మీద దట్టంగా దుమ్ము. కానీ ఆ వాసన... నీళ్లలో కలిపే మందు వాసన... ముక్కు మండేంత ఘాటుగా, ఇప్పుడే చల్లినట్టు.

"ఈ వాసనేంటే పిచ్చుకా?"

"పాత డబ్బా ఏదో పగిలుంటుందిలే."

గోడ మీది లోతు అంకెల్ని దగ్గర్నుంచి ఫొటో తీస్తానంటూ పిచ్చుక ఇనుప నిచ్చెన దిగింది. కబుర్లు చెబుతూనే లోతుగా ఉన్న వైపు నడిచింది. చెప్పుల చప్పుడు గోడలకు కొట్టుకుని తిరిగొస్తోంది. ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది. మాట కూడా.

పిచ్చుక మాట మధ్యలో ఆగడం టీచర్ ఎన్నడూ ఎరగదు. గట్టు చివరికి వచ్చి వంగి చూసింది.

పిచ్చుక అటు తిరిగి ఉంది. ఆమె జడ మెల్లగా పైకి లేస్తోంది. చున్నీ కూడా... గాలి లేదు. అయినా రెండూ భుజాల చుట్టూ తేలుతున్నాయి.

"వదినా..." గొంతు ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టుంది. "నా కాళ్లకి నేల అందట్లేదు."

ఆమె చెప్పులు పలకల మీద ఉన్నాయి. పాదాలు వాటికి జానెడు పైన ఉన్నాయి.

పిచ్చుక ఇంకా పైకి తేలుతూ ఇటు తిరిగింది. బుగ్గలు పొంగించి ఊపిరి బిగబట్టింది. కళ్లు వదిన మీదే. చేతులు టపటపా కొట్టుకుంటున్నాయి... చప్పుడు మాత్రం లేదు.

టీచర్‌కు ఈత రాదు. బోర్లా పడుకుని చెయ్యి కిందికి చాచింది. గట్టు దాటగానే చెయ్యి జివ్వుమంది. తడి లేదు. కానీ చల్లగా... బరువుగా... నీళ్లను నెట్టుకుంటూ పోతున్నట్టే ఉంది.

"ఇటు రా! ఇటు రావే!"

అప్పుడు చెవి పక్కనే మగ గొంతు వినిపించింది. ఓపిగ్గా, ఆప్యాయంగా.

"వదిలెయ్ తల్లీ. మొదట్లో అందరూ ఇలాగే భయపడతారు."

టీచర్ తల తిప్పలేదు. వేళ్లకు చున్నీ కొస తగిలింది. దాన్ని చేతికి చుట్టుకుని లాగింది. పిచ్చుక చెయ్యి అందింది. పళ్లు బిగించి, ఒళ్లంతా బరువు చేసి లాగింది.

"ఈ అమ్మాయికి తొందరగానే వచ్చేస్తుంది," అంది ఆ గొంతు.

పిచ్చుక గట్టు మీద వచ్చి పడింది. దగ్గుతూ నోటి నిండా నీళ్లు కక్కింది. బట్టలు మాత్రం పొడిగానే ఉన్నాయి. పిచ్చుక చెప్పులు అక్కడే వదిలేసి, ఒకరినొకరు పట్టుకుని, వెనక్కి చూడకుండా బయటపడ్డారు.

"నీళ్లు మింగింది, ప్రాణానికేం ఫరవాలేదు," అన్నాడు ఆసుపత్రిలో డాక్టరు. "ఎక్కడ పడింది?" "చెరువులో," అనేసింది టీచర్. ఇక ఆ వ్యాసం జోలికి పోకూడదని ఇంటికొచ్చే దారిలో ఇద్దరూ ఒట్టేసుకున్నారు.

ఇంటికొచ్చాక పిచ్చుక కాసిని వేడి పాలు తాగి, వదిన మంచం మీదే బోర్లా పడి నిద్రపోయింది. టీచర్ పక్కనే కూర్చుని వీపు నిమురుతోంది. కాసేపటికి పిచ్చుక తల పక్కకి తిరిగింది. నోరు తెరిచి ఊపిరి పీల్చింది. మళ్లీ మొహం దిండులోకి పోయింది. ఒక చెయ్యి ముందుకు చాచి వెనక్కి లాగింది... తర్వాత రెండోది... దుప్పటి కింద కాళ్లు ఆగకుండా ఆడుతున్నాయి.

టీచర్ దిగ్గున లేచింది. మొగుణ్ని పిలుద్దామని పక్క గదిలోకి పరుగెత్తింది. అక్కడ అతను లేడు, ఆమె ఆరేళ్ల కూతురు ఒక్కతే నిద్రపోతోంది. ఆ పిల్ల ఆ కొలను మొహం కూడా ఎరగదు. ఇంట్లో ఎవరూ దాని ఊసెత్తలేదు.

పిల్ల బోర్లా పడుకుని ఉంది. తల పక్కకి తిరిగింది... ఊపిరి పీల్చింది... చిన్న చెయ్యి ముందుకు చాచింది.

టీచర్ ఆ చేతిని గట్టిగా పట్టుకుంది.

పిల్ల కళ్లు తెరవలేదు.

"వదులమ్మా," అని గొణిగింది. "అవతలి గట్టు ఇంకా రాలేదు."